పాలకుడి గొంతుతో చెప్పిన పాఠం

మా ప్రాంతంలో ఇంగ్లీషు లెక్చరర్ ఉద్యోగమంటే సగం తెలుగు లెక్చరర్ ఉద్యోగమే. ఈ సంగతి కొత్తగా చేరేవాళ్ళకు ఎవరూ చెప్పరు. వంశధార ఒడ్డు పల్లెల నుంచి, గరివిడి చుట్టుపక్కల నుంచి రెండు బస్సులు మారి వచ్చే పిల్లలకు ఇంగ్లీషు పుస్తకంలోని మనిషి మన మనిషిలా కనబడితేనే పాఠం ఎక్కుతుంది. లేకపోతే పరీక్ష దాకా గైడుతో సరిపెట్టుకుంటారు. వాళ్ళను తప్పుపట్టలేం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో పనిచేసి రిటైరయ్యాను. బదిలీల గురించి, ప్రమోషన్ల గురించి రాస్తే నాకే నిద్ర వస్తుంది. ఒక్క నవల గురించి, అది చెప్పినందుకు నాకు జరిగినదాని గురించి రాస్తాను. ఆ నవల పేరు మాత్రం రాయను. కారణం భయమే. దాచడం దేనికి?

పిల్లలు నవ్విన రోజులు

అది ఎప్పుడో ఇంగ్లీషులో వచ్చిన పాత నవల. అందులో ఒక దేశం ఉంటుంది. దాన్ని ఏలేవాళ్ళు జనం ఏం చేస్తున్నారో, ఎవరితో ఏం మాట్లాడుతున్నారో అనుక్షణం కనిపెట్టి చూస్తుంటారు. అంతకన్నా ఘోరమైన పని ఇంకొకటి చేస్తారు. జరిగినదాన్ని జరగలేదంటారు, జరగనిదాన్ని జరిగిందంటారు. జనం మొదట భయపడి తలూపుతారు. పోనుపోను అదే నిజమని నమ్మేస్తారు.

నా మొదటి కాలేజీలో జోగారావు గారని ప్రిన్సిపాల్ ఉండేవారు. పంచె కట్టుకుని, వరండాలో కిటికీ పక్కన నిలబడి మా పాఠాలు వినేవారు. ఒకరోజు ఆ నవల చెప్పి బయటికి వస్తుంటే నన్ను ఆపారు.

"అమ్మా, పాలకుడు మాట్లాడతన్నప్పుడు కూడా నువ్వు నీ గొంతుతోనే సదివేవు. పిల్లలకి భయం ఎలాగొస్తాది? ఆడి గొంతు తెచ్చుకో. మనూరి మునసబు గద్దిస్తే ఎలాగుంటాదో అలాగుండాల."

ఆ సలహా నా ఉద్యోగాన్నే మార్చేసింది. పాలకుడి ఉపన్యాసాన్ని తెలుగులోకి, అందులోనూ మా పల్లె మాటల్లోకి తిప్పుకున్నాను. ముందుగా ఆ మాట్లాడేవాడు ఎవడో, ఎందుకు అలా అంటున్నాడో వివరించి, అప్పుడు బల్ల మీద చెయ్యి చరిచి మొదలుపెట్టేదాన్ని.

"నిన్న ఏటి జరిగిందో నాను సెప్తాను, మీరు ఇనాల! రైతుకి జ్ఞాపకం దేనికిరా? గొర్రెకి జ్ఞాపకం ఉంటాదేటి? దున్నమన్న కాడ దున్నాల, నిలబడమన్న కాడ నిలబడాల!"

క్లాసు గప్‌చుప్ అయిపోయేది. ఆ తర్వాత పగలబడి నవ్వేవారు. వెనక బెంచీ నుంచి ఒక కుర్రాడు లేచి, "మేడమ్, ఇంతమందినీ కనిపెట్టి సూడాలంటే ఎంతమంది జవాన్లు గావాలండీ? మా ఊరికి లైన్‌మేనే రాడు" అన్నాడు. నేను కూడా నవ్వాను. అప్పట్లో ఆ నవల మాకు ఎక్కడిదో దూరదేశపు కథ. అంత పిచ్చి పరిపాలన ఎక్కడైనా ఉంటుందా అనుకుంటూనే భయపడే కథ. వానాకాలంలో వేడి వేడి పకోడీలు తింటూ దెయ్యం కథ వింటే ఎంత భయమో, అంతే భయం.

నవ్వు ఆగిపోయింది

నవ్వు ఎప్పుడు ఆగిందో కచ్చితంగా చెప్పలేను. కొన్నేళ్ళలో మెల్లమెల్లగా తగ్గింది.

ముందు పిల్లల చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. తర్వాత మా హాజరు ఫోన్లోకి వెళ్ళింది. పొద్దున్నే ఫోను ముందు మొహం పెడితే, మేం కాలేజీలో ఉన్నామని అది ఒప్పుకోవాలి. ఒకరోజు కళ్ళకలకతో వెళ్తే నా మొహాన్ని అది ఒప్పుకోలేదు. నేను నేనే అని అటెండరు సాక్ష్యం చెప్పాడు గానీ, ఫోను వినలేదు. మేమంతా నవ్వుకున్నాం. తర్వాత క్లాసు గదుల్లో మూలకి ఒక కెమెరా పెట్టారు. దొంగతనాలు జరగకుండా అన్నారు. మా గదుల్లో విరిగిన బెంచీలు తప్ప ఎత్తుకుపోవడానికి ఏమీ లేవు.

వీటికి నేను పెద్దగా జంకలేదు. జంకింది పిల్లల్ని చూసి. ఆ నవల చెబుతుంటే ఇదివరకు ప్రశ్నల మీద ప్రశ్నలు వేసేవారు. ఇప్పుడు కిక్కురుమనడం లేదు. ఒకసారి "దీని మీద మీరేమనుకుంటున్నారు?" అని అడిగితే, ముందు బెంచీలోని రోహిణి లేచి ఇటూ అటూ చూసింది. శ్రీముఖలింగం దగ్గర పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్ల. తండ్రికి కొంచెం వరి పొలం ఉంది. ఆ క్లాసులో అంత తెలివైన విద్యార్థి ఇంకొకరు లేరు.

"మనం ఏటనుకుంటున్నామో ఇక్కడ సెప్పక్కర్లేదు కదండీ మేడమ్? పరీక్షలో రాస్తే సాలు కదా?" అంది.

"ఏం, ఇక్కడ చెబితే ఏమవుతుంది?"

"ఏటవ్వదండి. కానీ ఎవరు ఫోన్లో తీస్తన్నారో తెలవదు కదండీ."

ఎవరూ నవ్వలేదు. అందరూ తలలు దించుకుని డెస్కుల కేసి చూస్తున్నారు. ఆ పల్లె పిల్లకు ఆ జాగ్రత్త నేర్పిన వాళ్ళెవరూ లేరు. దానంతటది నేర్చుకుంది.

అయినా పాఠం చెప్పే తీరు నేను మార్చుకోలేదు. మరుసటి రోజు పాలకుడి ఉపన్యాసం ఉంది. ఆ మాటలు ఎవడివో ఏటా చెప్పే ముందుమాట ఆ రోజు కూడా చెప్పాను. బల్ల చరిచి, మునసబు గొంతుతో ఆ మాటలన్నీ అన్నాను. గంట కొట్టారు, ఇంటికి వచ్చేశాను.

దుకాణంలో నా గొంతు

మావారు కామేశం నాకు మేనబావే. ఇప్పటికీ బావా అనే పిలుస్తాను. వాళ్ళది తరాలుగా బట్టల వ్యాపారం. పట్నం బజార్లో మాకు దుకాణం ఉంది. చుట్టుపక్కల రైతులు పెళ్ళికైనా, చావుకైనా మా దగ్గరే బట్టలు తీసుకుంటారు.

రెండు రోజుల తర్వాత, ఆదివారం పొద్దున్న బావ దుకాణం నుంచి ఫోన్ చేశాడు. "ఒకపాలి ఇలాగ రా" అన్నాడు, అంతే. ఆయన అంత తక్కువ మాట్లాడితే ఏదో జరిగిందని నాకు తెలుసు.

నేను వెళ్ళేసరికి దుకాణంలో నలుగురైదుగురు రైతులు నిలబడి ఉన్నారు. ఒకాయన చేతిలోని ఫోన్లోంచి నా గొంతు వస్తోంది.

"రైతుకి జ్ఞాపకం దేనికిరా? గొర్రెకి జ్ఞాపకం ఉంటాదేటి?"

అక్కడితో ఆగి, మళ్ళీ మొదటి నుంచి వస్తోంది. బొమ్మలో నేను బల్ల చరుస్తున్నాను. నా చీర, నా కళ్ళజోడు, నా వెనక నల్లబల్ల. పైన పెద్ద అక్షరాలతో, రైతుల్ని గొర్రెలన్న లెక్చరరమ్మ అని రాసి ఉంది. ముందున్నదీ లేదు, వెనకున్నదీ లేదు.

"ఇది పాఠమండీ," అన్నాను. "కథలో ఒక చెడ్డ పాలకుడు ఉన్నాడు. ఆ మాటలు వాడివి."

"గొంతు ఎవరిదమ్మా?" అన్నాడు ఫోను పట్టుకున్న రైతు. కోపంగా కూడా అనలేదు.

"గొంతు నాదే గానీ..."

"అదేనమ్మా మేవూ అడుగుతన్నాం. మా బట్టలతోనే గదా ఈ కొట్టు నడస్తంది. మమ్మల్ని గొర్రెలంటారేటి?"

నేను నవల కథ మొదలుపెట్టాను. ఒకడు నేను మాట్లాడుతున్నదాన్ని తన ఫోనులో తీస్తున్నాడు. అది నా కంట పడింది. ఈ మాటల్లోంచి ఏ ముక్క కోస్తారో అనుకున్నాను. ప్రతి మాటా అనబోయే ముందు దాన్ని విడిగా కోసి చూసుకుంటున్నాను. అలా చూసుకుంటే ఏ మనిషీ ఒక వాక్యం పూర్తి చెయ్యలేడు. మధ్యలోనే ఆగిపోయాను. తప్పు చేసినవాళ్ళు తడబడినట్టే ఉండి ఉంటుంది.

వాళ్ళు బట్టలు తీసుకోకుండానే వెళ్ళిపోయారు. బావ చాలాసేపు మడత విప్పిన పంచెను మళ్ళీ మడతపెడుతూ కూర్చున్నాడు.

"నువ్వలాగ అనవని నాకు తెల్సు," అన్నాడు చివరికి. "కానీ ఇప్పుడు ఊరంతటికీ ఎలాగ సెప్తాం? ఒక్కొక్కల్నీ కూకోబెట్టి కథంతా సెప్తామేటి?"

సాయంత్రానికి ఆ వీడియో భోగాపురంలో ఉన్న మా ఆడపడుచుకు కూడా చేరింది. ఫోన్ చేసి, "వదినా, ఎందుకలా అన్నావు?" అని అడిగింది. అన్నావా అని కాదు, ఎందుకన్నావని.

మర్నాడు దుకాణం ముందు జనం గుమిగూడారు. ఎవరో రాయి విసిరితే బోర్డు మీది ట్యూబులైటు పగిలింది. బావ షట్టరు దించేశాడు. లోపల చీకట్లో ఆయనా, పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళూ కూర్చున్నారు. బయట నా పేరు పెట్టి అరుస్తున్నారు. నేను ఇంట్లో తలుపు గడియ వేసుకుని, ఫోన్లో బావ ఊపిరి వింటూ నిలబడ్డాను. నవల్లో భయం గురించి ఎన్నేళ్ళు చెప్పానో. భయపడ్డ మనిషి ఫోన్లో ఇంకొకరి ఊపిరి లెక్కపెట్టుకుంటుందని మాత్రం ఏనాడూ చెప్పలేదు. నాకే తెలియదు.

ప్రిన్సిపాల్ గదిలో

అప్పటి ప్రిన్సిపాల్ అప్పలస్వామి గారు చెడ్డవారు కాదు. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోవాలి. ఉద్యోగంలో మిమ్మల్ని ముంచేవాళ్ళలో చెడ్డవాళ్ళు తక్కువ. పై నుంచి ఫోన్ రాకుండా ఉంటే చాలనుకునే మంచివాళ్ళే ఎక్కువ.

"ఆ రోజు క్లాసులో ఉన్న పిల్లల్ని పిలుద్దాం మేడమ్," అన్నారాయన. "ఆ మాటలు కథలోవేనని వాళ్ళు సెప్తే నేను పైకి రాసేస్తాను. గొడవ వదిలిపోతాది."

నా ప్రాణం లేచి వచ్చింది. క్లాసు నిండా సాక్షులున్నారు కదా, ఇంత సులువైన సంగతి నాకు తట్టలేదేమిటి అనుకున్నాను. వీడియో ఎవరు తీశారో కూడా నేను అడగలేదు. అది నాకు అనవసరం అనిపించింది.

పిల్లలు నలుగురైదుగురు చొప్పున వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డారు. అప్పలస్వామి గారు మెత్తగానే అడిగారు.

"మేడమ్ ఆ మాటలు ఎవరివని సెప్పేరు?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు తను ఆ రోజు రాలేదన్నాడు. వచ్చాడు, నాకు తెలుసు. ఇంకొకమ్మాయి సరిగ్గా వినలేదంది. మరొకడు, "వీడియోలో ఎలాగుందో అలాగే సెప్పేరండి" అన్నాడు. చివరికి రోహిణి వంతు వచ్చింది. నేను ఆ పిల్ల కేసి చూశాను. కళ్ళతోనే బతిమాలాను.

"నాకు గుర్తు లేదండి," అంది రోహిణి.

"ముందు బెంచీలో కూర్చున్నావు కదమ్మా," అన్నాను ఉండబట్టలేక.

"అవునండీ మేడమ్. గుర్తు లేదండి."

రోహిణి అన్న మాట

మర్నాడు బస్టాండులో ఆ పిల్ల ఒక్కతే కనబడింది. ఊరికి వెళ్తోంది. నన్ను చూసి పారిపోతుందనుకున్నాను. పారిపోలేదు. తనే నా దగ్గరికి వచ్చింది.

"భయపడి అలా అన్నావా?" అని అడిగాను. "నేనేమీ అనుకోనులే, చెప్పు."

"ముందు భయమేనండి. మా నాన్న ఫోన్ సేసి, నీకెందుకు, నోరు మూసుకుని ఉండు అన్నాడు." బస్సు వచ్చే వైపు ఒకసారి చూసింది. "కానీ అది కాదండీ మేడమ్. హాస్టల్లో అందరి ఫోన్లలోనూ అదే వీడియో. సూసి సూసి... ఇప్పుడు ఆ రోజు క్లాసు తలుసుకుందామంటే నాకు వీడియోయే కనబడతంది. మీరు బల్ల కొట్టడం కూడా ఆ ఫోన్ తీసినోళ్ళు కూకున్న కాడి నుంచే కనబడతంది. నాను కూకున్న కాడి నుంచి కనబళ్ళేదు."

చేతిలోని సంచీ కింద పెట్టి మళ్ళీ అంది.

"ముందు మీరేటి సెప్పేరో నిజంగా గుర్తు రావట్లేదు మేడమ్. ఒట్టండి. నాకు ఏటైపోతందో తెలవట్లేదు. భయమేస్తంది."

ఆ పిల్ల ఏడుస్తోంది. నేను భుజం మీద చెయ్యి వేశాను. ఓదార్చడానికి వేశానో, నేను పడిపోకుండా పట్టుకున్నానో తెలియదు. నవల్లో ఒక మనిషి చేత ఉన్నదాన్ని లేదనిపించడానికి పాలకులు ఎన్నో హింసలు పెడతారు. ఈ పిల్లను ఎవరూ వేలితో కూడా తాకలేదు. మంచం మీద పడుకుని ఫోను చూసుకుంది, అంతే. ఇంత తేలిగ్గా జరిగే పని కోసం ఆ పాలకులు అంత కష్టపడ్డారేమిటా అనిపించింది. ఆ ఆలోచన వచ్చినందుకు నామీద నాకే భయం వేసింది.

బస్సు వచ్చింది. "క్షమించండి మేడమ్" అని రోహిణి ఎక్కేసింది.

క్షమాపణ

ఆ వారంలోనే అప్పలస్వామి గారు మా ఇంటికే వచ్చారు. కాఫీ ఇస్తే తాగలేదు.

"మేడమ్, ఒక చిన్న వీడియో పెట్టీండి. రైతు సోదరుల మనసు నొచ్చుకుంటే క్షమించండని. అంతే. అయిపోతాది."

"నావి కాని మాటలకు క్షమాపణ చెబితే నావే అని ఒప్పుకున్నట్టు కాదా సార్?"

"ఒప్పుకుంటే ఏటైపోతాది మేడమ్? కొట్టు తీయొద్దా? మీకు ఇంక ఎన్నాళ్ళు సర్వీసు ఉన్నాది? పెన్షను ఆగిపోతే?"

బావ తాగని కాఫీ గ్లాసు తీసి లోపలికి తీసుకెళ్ళాడు. నన్ను బలవంతం పెట్టలేదు. కానీ షట్టరు వేసి ఉన్న దుకాణంలో పనిచేసే ఆ ఇద్దరు ఆడవాళ్ళ జీతాల సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

నేను వీడియో చేశాను. మా వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే, అప్పలస్వామి గారే తీశారు. మొదట గొంతు బాగానే ఉంది. "నేను అన్న మాటల వల్ల" అనేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. అది అవమానం వల్ల వచ్చిన ఏడుపు కాదు. ఆ క్షణంలో నేను నిజంగానే ఆ రైతులను అనరాని మాట అన్నాననిపించింది. వాళ్ళ మొహాలు కళ్ళ ముందు కదిలాయి. పశ్చాత్తాపం కలిగింది. చెయ్యని తప్పుకు పశ్చాత్తాపం ఎలా వస్తుందో నేను చెప్పలేను. కానీ వచ్చింది, మనస్ఫూర్తిగా వచ్చింది.

"బాగా వచ్చింది మేడమ్," అన్నారు అప్పలస్వామి గారు, తెరిపిన పడి.

నిజంగానే ఆయన చెప్పినట్టే అయిపోయింది. దుకాణం తెరిచాం. వేరే ఊళ్ళో వేరే ఎవరో ఏదో అన్న వీడియో వచ్చింది, జనం దాని వెంట వెళ్ళారు. నన్ను తిట్టినవాళ్ళూ, నేనూ ఆ మనిషి గురించి మాట్లాడుకున్నాం. నేను కూడా ఆ వీడియో చూశాను. ముందూ వెనకా ఏముందో చూడకుండానే, ఎంత మాట అన్నాడు అనుకున్నాను. అనుకున్న తర్వాత ఫోను కింద పెట్టేశాను.

కొత్తగా చేరేవాళ్ళకు

నేను ఆ నవల మళ్ళీ చెప్పలేదని మీరనుకోవచ్చు. చెప్పాను. రిటైరయ్యే దాకా చెప్పాను. కానీ ప్రతి వాక్యానికీ "అని వాడు అంటున్నాడు" అని తగిలించి చెప్పాను. బల్ల చరచలేదు. పిల్లలకు భయం వెయ్యలేదు, నవ్వూ రాలేదు. నా కళ్ళు మాత్రం క్లాసు అయ్యేదాకా పిల్లల చేతుల మీదే ఉండేవి. జోగారావు గారు వరండాలో నిలబడి ఉంటే, "ఇది సదవడం కాదమ్మా, తప్పించుకోవడం" అని ఉండేవారు.

మీరు మాత్రం అలా చెప్పకండి. గొంతు తెచ్చుకునే చెప్పండి. మీ మాటలు కోస్తారు, కొయ్యరని నేను ధైర్యం చెప్పలేను. పిల్లలు వచ్చి సాక్ష్యం చెబుతారని ఆశ పెట్టుకోకండి, చెప్పనందుకు వాళ్ళమీద కోపం పెట్టుకోకండి. పాఠం అయ్యాక ఇద్దరు ముగ్గురు పిల్లల్ని ఆపి, "ఇవాళ ఏం విన్నావు?" అని నోటితో చెప్పించుకోండి. ఫోను చూడకముందే చెప్పించుకోండి. నేను ఆ పని చెయ్యలేదు. చేసినా ఆగేది కాదేమో. అయినా చెయ్యండి.

ఈ మధ్య మధ్యాహ్నాలు దుకాణంలో కూర్చుంటున్నాను. మొన్న ఒకామె కూతురి పెళ్ళికి చీరలు తీసుకోవడానికి వచ్చింది. ఎన్ని చీరలు పరిచినా వాటిని వదిలి నన్నే చూస్తోంది.

"అమ్మా, మిమ్మల్ని ఎక్కడో సూసేను," అంది. "ఫోన్లో కదా? మీరు ఏడస్తన్నారు. పాపం, ఎంత ఏడ్సేరమ్మా! నాకూ ఏడుపొచ్చీసింది."

"అవునమ్మా," అన్నాను.

"దేనికమ్మా అలాగ ఏడ్సేరు?"

గల్లా దగ్గర బావ తలెత్తి నా కేసి చూశాడు. ఆమె మొహం ఎంతో దయగా ఉంది. అడిగి తెలుసుకుని ఓదారుద్దామనే అడిగింది. కథంతా చెబుదామని నోరు తెరిచాను.

"నాకూ సరిగ్గా గుర్తు లేదమ్మా," అన్నాను.

ఆమె నవ్వి, ఎర్ర అంచు చీర తీసుకుని వెళ్ళిపోయింది. బావ మళ్ళీ తన పనిలో పడ్డాడు. ఏదో తప్పించుకోవడానికి అబద్ధం ఆడానులే అని సర్దుకున్నాను. చీరలు మడతపెడుతూ, నిజం నాకు తెలుసు కదా అని ఆ రోజు పాఠాన్ని మొదటి నుంచి నెమరువేసుకోబోయాను. గదిలోకి వెళ్ళడం గుర్తుంది. పుస్తకం తెరవడం గుర్తుంది. ఏటా చెప్పే ముందుమాట ఆ రోజు కూడా చెప్పానని పైన రాశాను. చెప్పే ఉంటాను. కానీ ఎంత తలుచుకున్నా నాకు నేనే ఎదురుగా కనబడుతున్నాను. నా చీర, నా కళ్ళజోడు, నా వెనక నల్లబల్ల. నా నోరు తెరుచుకునేసరికి మొదట వినబడే మాట రైతుకి జ్ఞాపకం దేనికిరా అన్నదే.